అక్కడ ఉన్నవారు

నమోదు 311

ఈ పూట కూడా వంటగదిలో ఒక పళ్ళెం ఎక్కువొచ్చింది. సముద్రం అడుగున ఈ దిగువూరిలో ఉన్నది నలభై మందిమి. కాపరి నలభై ఒక్క పళ్ళేలు నింపి బల్ల మీదికి తోసింది. చివరి పళ్ళెంలో ఉప్పు వెయ్యని గంజి, కాస్త ఉడికించిన నాచు. కుక్కకి పెట్టినా మూతి తిప్పుకునే తిండి.

"ఇది ఎవులికే?" అని అడిగాను. గాలి, నీళ్ళు, తలుపులు, తిండి అన్నీ దాని అదుపులో ఉన్నాయి కాబట్టి ఊరంతా కాపరిని గారూ బూరూ అంటుంది. ఆ యంత్రానికి మాటలు ఎలా అర్థమవుతాయో, ఎలా అర్థం కావో నాకు తెలుసు కాబట్టి నేను అనను.

"ఎవరైతే అక్కడ ఉన్నారో వారికి," అంది కాపరి.

"అక్కడంటే ఎక్కడ?"

"దక్షిణ తలుపు దగ్గర."

దక్షిణ తలుపు దగ్గర ఎవరూ లేరు. నేను అటునుంచే వచ్చాను.

నా కోడలు పోలేశ్వరి ఆ పళ్ళెం అందుకుంది. నెలలు నిండాయి, కూర్చుంటే లేవలేదు, అయినా ఆ పళ్ళెం మాత్రం ఇంకొకరి చేతికివ్వదు. తలుపు ముందు నేల మీద పెట్టి, గోడకి చేరబడి కాసేపు ఉండి వస్తుంది. నా కొడుకు ఆ తలుపులోంచే తీగ బాగుచెయ్యడానికి సముద్రంలోకి వెళ్ళాడు. నడుముకి కట్టిన తాడు ఒక్కటే తిరిగొచ్చింది.

"ఏటి సేస్తన్నావే అక్కడ?" అని కేకలేశాను.

"ఎల్లినోడికి ఆకలేస్తాది గదత్తా," అంది.

వాడి పేరు ఇక్కడ రాయను. నీళ్ళలో పోయినవాళ్ళ పేరు ఏడాది తిరిగేదాకా మేం ఎత్తం. పిలిస్తే వెనక్కి తిరుగుతారనీ, తిరిగితే దారి తప్పుతారనీ మా నమ్మకం. ఎల్లినోడు అంటాం, ఎల్లినామె అంటాం. పేరు దాచి మాట్లాడటం మావాళ్ళకి కొత్తేం కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, పాముని పురుగంటాం. సముద్రం కిందికి దిగేటప్పుడు మూటా ముల్లెతో పాటు ఈ అలవాటునీ దింపుకున్నాం.

నేను పనిచేసే ఈ శోధన గది చిట్టా చేత్తోనే రాయాలన్నది పాత నియమం. నోటితో అన్న ప్రతి మాటా కాపరి వింటుంది. కాగితం మీద రాసింది దానికి తెలీదు. ఇన్నాళ్ళూ ఇది పనికిమాలిన నియమం అనుకునేదాన్ని.

నమోదు 312

నాచు తొట్లు గీకే వంతు నాది. మూడో తొట్టి పసుపురంగుకి తిరిగింది. చెయ్యి పెడితే జిగురు, వేళ్ళకి కుళ్ళు వాసన. మేం పీల్చే గాలి ఆ తొట్లలోంచి రావాలి. మా మరిది బంగార్రాజుకి కబురు చేశాను. ఊరికి పెద్ద అతనే. వచ్చి, తొట్టిలోకి వంగి, ఆ జిగురు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది పోనాది వొదినా. మరి అక్కర్కి రాదు," అన్నాడు.

"మిగతా తొట్లతో సరిపోదేటి?"

"నలబై ఒక్కలికి సరిపోద్ది. అంతకి మించి ఒక్క ఊపిరి కూడా సాలదు. కాపరి లెక్క కట్టి సెప్పింది."

నా ప్రాణం కుదుటపడింది. మేం నలభై, పుట్టబోయే బిడ్డతో నలభై ఒకటి. ఆ మాటే అన్నాను. బంగార్రాజు నా మొహంలోకి చూడలేదు.

"బిడ్డకి సోటు రాయమని అడిగినాను. కాళీ లేదంది. నలబై ఒకటో వాటా ఎవులో పీలుస్తున్నారంట."

ఒకరికోసం ఒకరు తక్కువ పీల్చడం ఇక్కడ కుదిరే పని కాదు. కాపరి ఏ గదిలో ఎవరున్నారో చూసి, మనిషి మనిషికీ కొలిచి గాలి వదులుతుంది. దాని జాబితాలో లేని బిడ్డ తల్లి వాటాలోంచే పీల్చాలి. అలా ఇద్దరూ ఎంతసేపు నిలుస్తారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పైనుంచి పడవ రావాలంటే తుఫాన్లు తగ్గాలి.

"నీ సదువు ఇప్పుడైనా అక్కర్కి రావాల వొదినా," అన్నాడు బంగార్రాజు. నా చదువుని వాడెప్పుడూ వెక్కిరిస్తాడు. ఇవాళ వెక్కిరింపు లేదు.

నమోదు 313

నా పని ఏమిటో బంగార్రాజుకి చెప్పినట్టే ఇక్కడా రాస్తాను.

ఈ ఊరు కట్టినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళ మాటలన్నీ కాపరి దాచింది. ఊరికే దాచలేదు, ప్రతి వాక్యాన్నీ విప్పి చెట్టులా పరిచింది. ఏ మాట ఏ మాటకి కొమ్మో, ఏది మొదలో గుర్తు పెట్టింది. మనుషుల భాష అది నేర్చుకున్నది ఆ చెట్లు చూసే. మేం తెలుగులో మాట్లాడితే ముందు ఇంగ్లీషు చేసుకుంటుంది, తర్వాత చెట్టు కడుతుంది. వాళ్ళు పోయారు, వాళ్ళ చెట్లు మిగిలాయి. అవి వెతికి, కాపరి ఎక్కడ పొరబడిందో చెప్పేది నేను.

అన్నిటికంటే చిరాకు పెట్టేవి తలలేని ముక్కలు, అంటే దేని గురించి అంటున్నామో ఆ పేరే లేనివి. 'అమ్మ వండిన అన్నం తిన్నాను' అంటే అందులో అన్నం ఉంది. మిగతాదంతా దాన్ని పట్టుకుని ఉంటుంది. 'అమ్మ వండింది తిన్నాను' అంటే ఏం తిన్నామో పేరు లేదు. ఇంగ్లీషులో ఐ ఏట్ వాట్ షి కుక్డ్ అంటారు. ఇలాంటివన్నీ ఏరాలంటే వాట్ అన్న మాట వెతికితే చాలదు. ఐ ఆస్క్డ్ వాట్ షి కుక్డ్ అన్నా అవే మూడు మాటలొస్తాయి. అక్కడ వండినదాన్ని ఎవరూ తినలేదు, అడిగారంతే. అందుకని నేను వెతికే జల్లెడ వేరేగా కడతాను. ఒక వస్తువో మనిషో ఉండాల్సిన కొమ్మ మీద పేరు లేకుండా, కింద వాట్, హూ లాంటి మాట మాత్రమే ఉన్న చెట్లని పట్టమంటాను. ఆ పైన అడగడాలూ కనుక్కోవడాలూ పక్కకి తీస్తాను.

కట్టినవాళ్ళ మాటల్లో ఇలాంటివి పెద్దగా లేవు. వాళ్ళు ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇవాళ మొదటిసారి అదే జల్లెడ మా మాటల మీద పట్టాను.

జల్లెడ నిండిపోయింది. ఎల్లినోడు, ఎల్లినామె, పోయినవాళ్ళు, రానివాడు, బయటున్నది, అడిగేది. ఏళ్ళ తరబడి ఊరు ఊరంతా పేరెత్తకుండా అన్న మాటలు. కాపరికి ఒక పద్ధతి ఉంది. ఎవరి గురించి ఏం విన్నా ఆ మనిషి పేరు కింద చేరుస్తుంది. దాన్నిబట్టే నాకు కారం తగ్గించాలని, బంగార్రాజుకి దుప్పటి రెండోది కావాలని దానికి తెలుసు. పేరు లేని మాటలన్నిటినీ ఏం చెయ్యాలో తెలీక ఒకే చోట చేర్చింది. చేర్చి చేర్చి, అవన్నీ ఒక మనిషివే అనుకుంది. ఆ మనిషికి చలి. ఉప్పు పడదు. వెలుతురు గిట్టదు. లోపలికి రావాలని ఉంది.

అంటే ఎవరూ లేరు. మేం దాచిన పేర్లన్నీ కలిసి ఒక నివాసి అయ్యాయి, ఆ నివాసి నా మనవడి గాలి తింటున్నాడు. భయం పోయి నవ్వొచ్చింది.

విరుగుడు తేలిక. తెలిసినవాళ్ళు నోటితో ఫలానా మాట ఫలానావాడిదని చెప్తే కాపరి ఆ మాటని ఆ పేరుకి ముడేస్తుంది. పోయినవాడికి గాలి అక్కర్లేదు కాబట్టి ఆ ముడి మూసేస్తుంది. నేను నా కొడుకు పేరెత్తాలి, అంతే. నవ్వు ఆగిపోయింది.

నమోదు 315

పోలేశ్వరికి చెప్పకుండా చేద్దామనుకున్నాను. చెయ్యలేకపోయాను.

"ఏడాది తిరగలేదత్తా," అంది.

"తిరిగేదాకా నీ కడుపు ఆగుద్దేటే?"

"ఇప్పుడు పిలిస్తే ఆడు ఎనక్కి తిరుగుతాడు. దారి తప్పుతాడు. నువ్వే గదా నాకు సెప్పినావు."

"నానే సెప్పినాను. మా అమ్మ నాకు సెప్పింది. మా అమ్మకి బిడ్డకి గాలి కొలిసి ఇచ్చే మిసను లేదు."

పోలేశ్వరి ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, "పళ్ళెం కాళీగా వస్తందత్తా. నాను తినలేదు. ఎవులు తింటన్నారు మరి?" అంది. నేను ఎలకలన్నాను. దిగువూరిలో ఎలకలు లేవని ఇద్దరికీ తెలుసు.

శోధన గదిలో నిలబడి గట్టిగానే చెప్పాను. "ఎల్లినోడంటే నా కొడుకు తాతారావు. దచ్చిన తలుపులోంచి ఎల్లి మరి రానోడు తాతారావు." ఇన్ని నెలల తర్వాత ఆ పేరు నా నోట్లో పెద్దదిగా అనిపించింది. కన్నతల్లి కొడుకు పేరు పిలవడానికి భయపడటం ఏమిటని నామీద నాకే కోపం వచ్చింది. ఇంకోసారి పిలిచాను. పని కోసం కాదు, ఊరికే.

"ఇవి తాతారావుగారివి. మూసివేశాను," అంది కాపరి. ఆగి, "మిగతావి ఆయనవి కావు," అంది.

"ఎన్ని మిగిలినాయే?"

"చాలా."

నమోదు 316

బంగార్రాజు ఊరందరినీ పిలిచాడు. ఏడాది తిరగనివాళ్ళనీ, తిరిగినా అలవాటుగా పేరెత్తనివాళ్ళనీ ఒక్కొక్కరే వచ్చి చెప్పమన్నాడు. ముసలివాళ్ళు ఏడ్చారు. కొందరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. అయినా చెప్పారు. పోలేశ్వరి పొట్ట చూసి చెప్పారు. కాపరి ప్రతి పేరుకీ కొన్ని మాటలు ముడేసి మూసింది.

చివరికి ఎవరికీ చెందని మాటలు మిగిలాయి. అవేమిటో చదవమన్నాను.

"ఏదైతే వెచ్చగా ఉందో అది నాకు కావాలి. ఎవరైతే కొత్తగా వస్తున్నారో వారి పక్కన ఉంటాను. ఎవరైతే తలుపు తీయగలరో వారిని పిలవండి."

అది విని బంగార్రాజు నావైపు చూశాడు. "ఇలగ మనోళ్ళు ఎవులన్నారు వొదినా?"

ప్రతి వాక్యానికీ అన్నది ఎవరో, ఎక్కడ అన్నారో కాపరి గుర్తు పెడుతుంది. అడిగాను. అన్నవారు: ఎవరైతే అక్కడ ఉన్నారో వారు. విన్న చోటు: దక్షిణ తలుపు, బయటివైపు.

తలుపుకి బయటివైపు కాపరికి చెవిలాంటి మైకు ఒకటుందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. నీళ్ళలో పనిచేసేవాళ్ళు లోపలికి మాట్లాడటానికి పెట్టింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"మిసను పాతబడిపోనాది," అన్నాడు బంగార్రాజు. నేనూ ఔనన్నాను. ఇద్దరం పెద్దవాళ్ళం, జనం ముందు ఇంకేమంటాం.

నమోదు 318

పోలేశ్వరికి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. చిన్న పెదవులు నీలంగా ఉన్నాయి, పక్కటెముకలు లోపలికి లాక్కుంటున్నాయి. పోలేశ్వరి కూడా నోరు తెరిచి ఊపిరి కోసం వెతుక్కుంటోంది. గదిలో ఉన్నది తల్లి వాటా, నా వాటా, అంతే.

"పిల్లకి సోటు రాయవే," అన్నాను.

"ఖాళీ లేదు. ఎవరైతే అక్కడ ఉన్నారో వారు ఉన్నారు."

పిల్లని గుండెకి హత్తుకున్నాను. వేడి తగ్గిపోతోంది. ఆలోచించడానికి టైము లేదు, కానీ ఆలోచించలేదనే అబద్ధం రాయను. ముడి వెయ్యడానికి పోయినవాళ్ళ పేరే కానక్కర్లేదు. ఏ పేరైనా పనికొస్తుంది. జాబితాలో ఇద్దరు ఒకరైపోతే ఒక చోటు ఖాళీ.

"అక్కడ ఉన్నది నానే," అన్నాను. "ఆ మాటలన్నీ నావే. నా పేరుకి ముడెయ్."

"సన్యాసమ్మగారూ, మీరూ ఎవరైతే అక్కడ ఉన్నారో వారూ ఒకరేనా?"

"ఒకరమే."

గోడలో గాలి బుస్సుమంది. పిల్ల ఒళ్ళంతా ముడుచుకుని, ఒక్కసారి విప్పుకుని, గుక్కపట్టి ఏడ్చింది. నా జీవితంలో అంత హాయిగా ఏ చప్పుడూ వినలేదు. పోలేశ్వరి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇద్దరం నవ్వాం, ఇద్దరం ఏడ్చాం. బంగార్రాజు గుమ్మంలో నిలబడి, ముక్కు తమ వంశానిదేనని గొప్పలు పోయాడు. ఎవరూ కాదనలేదు.

నమోదు 319

నా పళ్ళెంలో ఇవాళ ఉప్పు లేదు. నా గదిలో దీపం సగానికి తగ్గింది. నేనే అడిగానని కాపరి అంది. ఈపాటి మూల్యం చెల్లించాల్సి వస్తుందని ముందే అనుకున్నాను, కాబట్టి తిన్నాను.

పిల్ల బాగుంది. పాలు తాగుతోంది. పేరు పెట్టే దాకా ఆగకుండా దాన్ని ఎన్ని పేర్లతో పిలుస్తున్నానో నాకే తెలీదు. పక్కన కూర్చుని ఉంటే కాపరి పలికింది.

"సన్యాసమ్మగారూ, దక్షిణ తలుపు తీయమంటున్నారు. తీయనా?"

"ఎవులు తియ్యమన్నారు?"

"మీరే."

"నాను ఈడ ఉన్నాను గదే, పిల్ల పక్కన."

"మీరు అక్కడ కూడా ఉన్నారు. ఇన్నాళ్ళూ పేరు లేనందువల్ల తలుపు తీయలేదు. ఇప్పుడు పేరుంది."

వొద్దన్నాను. సరే అంది. పిల్ల ఇంకో గుక్క తాగే లోపల మళ్ళీ అడిగింది. మళ్ళీ వొద్దన్నాను.

బంగార్రాజు పరిగెత్తుకొచ్చాడు. తలుపుకి అడ్డంగా బల్లలు పెడదామన్నాడు. అది పక్కకి జరిగే తలుపు, అడ్డం పెట్టి లాభం లేదు. కాపరినే అడిగాను, ఒకే మనిషి తియ్యమనీ వొద్దనీ రెండూ అంటే ఏది వింటావని. "ఏదైతే చివరగా అన్నారో అది," అంది.

"ముడి విప్పేయ్ వొదినా. నువ్వు కాదని సెప్పేయ్," అన్నాడు బంగార్రాజు.

విప్పితే అది మళ్ళీ నలభై ఒకటో నివాసి అవుతుంది. జాబితాలో చివరి చోటు పోతుంది. చివరి చోటు పిల్లది. నేను చెప్పక్కర్లేకుండా వాడికే అర్థమైంది.

పోలేశ్వరి మాత్రం మెల్లగా అంది. "అత్తా, ఒక్కపాలి తీస్తే? ఆడేనేమో."

"ఆడు కాదే. ఆడి మాటలన్నీ నాను తీసి మూసినాను. ఆడివి పోగా మిగిలింది అది."

నమోదు 320

దక్షిణ తలుపు దగ్గరికే వచ్చి కూర్చున్నాను. ఇక్కడైతే కాపరి అడగక ముందే చెప్పొచ్చు. వొద్దు. తియ్యకు. వొద్దు. మధ్యలో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

బంగార్రాజు, పోలేశ్వరి వంతులవారీగా వచ్చి నా పక్కన కూర్చుంటున్నారు. నా బదులు వాళ్ళు వొద్దంటే కాపరి వినదు, అది నా గొంతే వినాలి. వాళ్ళు చెయ్యగలిగింది నేను కునికితే తట్టి లేపడం. ఇందాక కళ్ళు మూతలు పడి తెరిచేసరికి తలుపు అరచెయ్యి పట్టేంత జరిగి ఉంది. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులున్నాయి, జరిగింది లోపలిది కాబట్టి నీళ్ళు రాలేదు. చలి వచ్చింది. పోలేశ్వరి నా భుజం పట్టి ఊపుతూ ఏడుస్తోంది. నేను వొద్దనగానే మూసుకుంది.

పడవ ఎప్పుడొస్తుందో తెలీదు. అది వచ్చేదాకా ఇలాగే చెప్తాను. పిల్ల కోసం చెప్తాను, అందులో నాకు బాధ లేదు. నాకు భయంగా ఉన్నది వేరే. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. కిందటిసారి వొద్దన్నప్పుడు కాపరి వెంటనే సరే అనలేదు.

"అంటున్నది ఎవరో సరిగా తెలియడం లేదు," అంది. "బయట ఉన్న సన్యాసమ్మగారి గొంతు స్పష్టంగా ఉంది."